ఆస్పత్రిలో రేడియేషన్ భద్రతాధికారి: చదువూ, బాధ్యతా
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



పిల్లల చదువుల గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు మమ్మల్ని కోరారు. డాక్టరు, ఇంజనీరు చదువుల సంగతి చెప్పేవారు చాలామంది వున్నారు. మేము ఎక్సురే గదిలోనే బ్రతుకు గడిపినవాళ్ళం గనుక, ఆ గదికి సంబంధించిన ఒక బాధ్యత గురించి చెబుతాం. ఆ బాధ్యత మోసేవారిని రేడియలాజికల్ సేఫ్టీ ఆఫీసరు, క్లుప్తంగా ఆర్.ఎస్.ఓ. అంటారు. మనం రేడియేషన్ భద్రతాధికారి అనుకుందాం.

రెండేళ్ళ క్రిందట మా వీధిలో ఒక తల్లి మా యింటికి వచ్చింది. "భాయీసాబ్, మావాడు ఎక్సురే సెంటర్లో చేరి ఏడాదయింది. ఆ కిరణాలు వంటికి మంచివి కావంటున్నారు, నిజమేనా?" అని అడిగింది. కుర్రవాణ్ణి పిలిచి విచారించాం. ఇంటరు కాగానే ఆరు నెలల కోర్సు చేసి పనిలో చేరాడట. పసిపిల్లలు కదిలితే తనే పట్టుకుని నిలబడతాడట. సీసపు ఏప్రాన్ వేసుకోవా అంటే, బరువుగా వుంటుందన్నాడు. వంటికి సోకిన కిరణాలను లెక్కకట్టే టి.ఎల్.డి. బ్యాడ్జి ఏదీ అంటే, యజమాని సొరుగులో వుందన్నాడు. మీ భద్రతాధికారి ఎవరంటే, కాగితాల మీద ఒకాయన పేరు వుందిగాని, ఆయన్ని తానెన్నడూ చూడలేదన్నాడు. పేరు ఒకరిది, పని మరొకరిది! సర్టిఫికెట్టును అద్దెకిచ్చి నెలనెలా డబ్బు తీసుకోవడమన్నమాట.

ఇది చిన్న తప్పు కాదు. ఎందుకో చెబుతాం.

ఎక్సురే యంత్రం స్విచ్చి ఆపితే కిరణాలు ఆగిపోతాయి. కాన్సరు వైద్యానికి వాడే కోబాల్టు, సీజియం వంటి పదార్థాలకు స్విచ్చి లేదు. దళసరి కవచంలో దాచినా లోపల కిరణాలు పుడుతూనే వుంటాయి. 1987లో బ్రెజిల్ దేశంలోని గోయానియా పట్నంలో ఒక కాన్సరు చికిత్సాలయం వేరేచోటికి మారిపోతూ పాత యంత్రాన్ని అక్కడే వదిలేసింది. ఇద్దరు మనుషులు దాన్ని విప్పుకుపోయి తుక్కు వ్యాపారికి అమ్మారు. లోపలి సీజియం పొడి చీకట్లో నీలంగా మెరుస్తుంటే, ముచ్చటపడి బంధుమిత్రులకు పంచిపెట్టారు. నలుగురు చనిపోయారు. వారిలో ఆరేళ్ళ పాప ఒకతె. లక్షమందికి పైగా జనాన్ని పరీక్షించవలసి వచ్చింది.

అదెక్కడో జరిగింది లెమ్మనుకోవద్దు. 2010లో ఢిల్లీ మాయాపురి తుక్కు బజారుకు ఒక విద్యాసంస్థ వేలంలో అమ్మిన పాత పరికరం చేరింది. అందులో కోబాల్టు 60 వుంది. ఒక మనిషి చనిపోయాడు, మరికొందరు ఆస్పత్రిపాలయ్యారు. తుక్కు సామాను కొని అమ్ముకుని బ్రతికే కుటుంబాలు మనలోనూ వున్నాయి గదా! ఆ రెండుచోట్లా, వస్తువు ఎక్కడుందో లెక్క చూసి, "ఇది గడప దాటడానికి వీల్లేదు" అని గట్టిగా చెప్పిన మనిషి లేకపోయాడు. భద్రతాధికారి అంటే ఆ మాట చెప్పవలసిన మనిషి. ఆ మాట చెప్పడానికి చదువూ కావాలి, చట్టం అండా కావాలి.

చట్టం వుంది. 1962 నాటి అణుశక్తి చట్టం కింద 2004లో రేడియేషన్ రక్షణ నియమాలు వచ్చాయి. 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి, అంటే ఎ.ఇ.ఆర్.బి., ఆమోదిస్తేనే ఎవరైనా యీ అధికారి అవుతారు. సాధారణంగా ఇది విడి ఉద్యోగం కాదు. ముందు ఆ విభాగంలో అర్హతగల ఉద్యోగి కావాలి, ఆపైన యీ బాధ్యత తీసుకోవాలి.

ఇందులో మూడు మెట్లున్నాయి. మొదటిది ఎక్సురే, సి.టి. విభాగం. సైన్సుతో ఇంటరు పాసై, గుర్తింపు పొందిన రేడియోగ్రఫీ డిప్లొమా గాని డిగ్రీ గాని చేసినవారికి యీ దారి వుంది. రేడియాలజిస్టు డాక్టర్లు కూడా వుండవచ్చు. రెండోది న్యూక్లియర్ మెడిసిన్. దానికి ఆ శాస్త్రంలోనే ప్రత్యేక డిప్లొమా లేదా డిగ్రీ చదివి, ఆర్.ఎస్.ఓ. పరీక్ష పాసుకావాలి. మూడోది కాన్సరుకు కిరణ చికిత్స చేసే విభాగం, అన్నిటికన్నా కష్టమైనది. ఎం.ఎస్సీ. ఫిజిక్సు తరువాత రేడియలాజికల్ ఫిజిక్సులో డిప్లొమా చేయాలి, లేదా మెడికల్ ఫిజిక్సులోనే ఎం.ఎస్సీ. చేయాలి. పైన రేడియోథెరపీ విభాగంలో ఏడాది ఇంటర్న్‌షిప్, ఆపైన పరీక్ష. ఆ డిప్లొమా 1962లో బొంబాయి ట్రాంబేలో మొదలైంది. మెడికల్ ఫిజిక్సు చదువు మన ఉస్మానియాలోనూ వుంది.

ఇక పని ఏమిటంటారా? గదుల్లో, గోడల అవతలా కిరణాలు కొలవడం. బ్యాడ్జీలు మూడు నెలలకోసారి పరీక్షకు పంపి, వచ్చిన లెక్క చూడడం. పనివారికి ఐదేళ్ళ సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. సామాన్య ప్రజలకు ఏడాదికి 1 మాత్రమే. లెక్క పెరిగితే కారణం వెతకాలి. పనివారికి భద్రత నేర్పాలి. ఉద్యోగం మానేస్తే ఆ సంగతి కూడా మండలికి తెలియజేయాలి. పేరు అద్దెకిచ్చిన మనిషి వీటిలో ఏది చేయగలడు?

ఆ కుర్రవాడి అక్క ఎం.ఎస్సీ. ఫిజిక్సు చదివి యింట్లో వుంది. మూడో మెట్టు సంగతి చెబితే, "ఆడపిల్లకు రేడియేషన్ పనా?" అని తల్లి భయపడింది. భయం సహజమే. అయితే గర్భవతి అయిన సంగతి తెలియజేస్తే, అప్పటినుంచి కడుపులో బిడ్డకు 1 మిల్లీసీవర్టు మించకుండా పని మార్చాలని నియమం వుంది. నియమాలు పాటించేచోట భయం లేదు. పాటించనిచోట మగపిల్లవాడికీ క్షేమం లేదు.

కుర్రవాడు ఆ పని మానేసి డిప్లొమాలో చేరాడు. వచ్చే జీతం ఆగిపోయి యింటికి యిబ్బందిగానే వుంది. అటువంటి పిల్లలకు చేయి అందించమని సంఘ పెద్దలను మనవి చేస్తున్నాం.

తల్లిదండ్రులకు ఒక మాట. ఫీజు కట్టకముందు ఆ కోర్సుకు గుర్తింపు వుందో లేదో విచారించండి. పాసైన పిల్లలకు ఒక మాట. మీ సర్టిఫికెట్టు మీ చేతిలోనే వుంచుకోండి, ఎంత డబ్బిస్తామన్నా అద్దెకివ్వకండి. దానిమీద మీ పేరు వుందంటే, ఆ గదిలోకి వచ్చే ప్రతి మనిషికీ మీరు జవాబుదారీ.