పోర్టు పలకనప్పుడు
(మన సంఘం వార్షిక సభలో కంప్యూటరు గది నిర్వాహకులు చేసిన ప్రసంగ పాఠం)



సంఘం కంప్యూటరు గది చూసుకునే వాళ్ళం గనుక ఈ ఏడు మమ్మల్ని కూడా నాలుగు మాటలు చెప్పమన్నారు. ఉపన్యాసాలు మాకు అలవాటు లేని పని. అందుచేత సంవత్సరమంతా మా బల్ల దగ్గరికి ఎక్కువసార్లు వచ్చిన ప్రశ్ననే ఎత్తుకుంటున్నాము. "పెన్‌డ్రైవ్ పెడితే కంప్యూటరు గుర్తుపట్టడం లేదు, ఏం చేయాలి?" పెన్‌డ్రైవ్ కాకపోతే ప్రింటరు, అదీ కాకపోతే వేలిముద్ర యంత్రం. వస్తువు మారుతుంది గాని ప్రశ్న మారదు. ఒక ఖాలా అయితే, "బేటా, మీ డబ్బా మా పిల్ల పెన్‌డ్రైవ్‌ను మింగేసింది, కక్కించండి" అన్నారు.

ఇంత చిన్న విషయానికి సభలో చోటెందుకు అని కొందరికి అనిపించవచ్చు. స్కాలర్‌షిప్ దరఖాస్తుకు చివరి రోజున వచ్చి చూడండి. ఆదాయ ధ్రువపత్రం, మార్కుల జాబితా, బ్యాంకు పాసుపుస్తకం, అన్నీ స్కాన్ చేసి బొటనవేలంత ముక్కలో పెట్టుకొని వస్తుంది పిల్ల. ఆ ముక్క పలకలేదంటే ఆ ఏడాది ఫీజు తండ్రి మీద పడుతుంది. ఇక రిపేరు ఖర్చు సంగతి. "బోర్డు పోయింది, మార్చాలి" అన్న మాట విని, ఆ డబ్బు లేక లాప్‌టాప్‌ను నెలల తరబడి బీరువా మీద పడేసిన ఇళ్ళు మాకు తెలుసు. అలా పడేసిన వాటిలో కొన్నింటిని తెచ్చి చూస్తే బోర్డుకు ఏమీ కాలేదు. కేబులు మారిస్తే సరిపోయింది. తప్పు ఎక్కడ ఉన్నదో తెలుసుకొనకుండా జేబులో చేయి పెట్టవద్దని చెప్పడానికే ఈ ప్రసంగం. తెలుసుకొనుటకు పైసా ఖర్చు లేదు, కొంచెం ఓపిక కావాలి.

ముందు ఆ రంధ్రం కథ వినండి. వెనుకటి కంప్యూటర్లకు కీబోర్డుకొక రంధ్రం, మౌసుకొకటి, ప్రింటరుకు జానెడు వెడల్పున మరొకటి ఉండేవి. ఒకదానిది మరొకదానిలో పనిచేసేది కాదు. అన్నింటికీ ఒకే ద్వారం ఉండాలని పెద్ద కంపెనీలు కలిసి చేసుకొన్న ఏర్పాటే యు.ఎస్.బి. దాని మొదటి ప్రమాణం 1996 జనవరిలో వచ్చినది. ఇంటెల్ కంపెనీలో ఈ పనిలో ముఖ్యపాత్ర వహించిన అజయ్ భట్ మన దేశంలో, వడోదరలో చదువుకొన్నవారే.

ఆ రంధ్రంలోకి తొంగి చూస్తే నాలుగు రాగి రంగు పట్టీలు కనబడతాయి. అంచుల్లోని రెండూ కరెంటువి, 5 వోల్టులు. నడిమి రెండూ మాటలు మోసేవి. కరెంటు పట్టీలు కొంచెం పొడుగ్గా ఉంటాయి, ముందు కరెంటు అందాలి, తర్వాతే మాట మొదలవ్వాలి అని. 2008లో వచ్చిన 3.0 రకంలో ఇంకో అయిదు చేరి మొత్తం తొమ్మిది అయినవి. లోపలి నాలుక చాలా వాటిలో నీలి రంగులో ఉంటుంది.

వస్తువును పెట్టగానే లోపల జరిగేది గుమ్మం దగ్గర జరిగే సంభాషణ లాంటిదే. వచ్చినవాడు తలుపు తడతాడు, అంటే మాట తీగల్లో ఒకదాని మీద వోల్టేజి లేపుతాడు. "ఎవరు మీరు?" అని కంప్యూటరు అడుగుతుంది. వాడు తన కంపెనీ నెంబరు, తన రకం నెంబరు చెప్పుకుంటాడు. అప్పుడు కంప్యూటరు 1 నుంచి 127 లోపల ఒక ఇంటి నెంబరు ఇచ్చి కూర్చోబెడుతుంది. తర్వాత ఆ మనిషితో ఏ భాషలో మాట్లాడాలో చెప్పే డ్రైవరు అనే ప్రోగ్రాము కోసం వెతుకుతుంది. ఇదంతా రెప్పపాటులో అయిపోతుంది.

ఇది తెలిస్తే సగం రోగం పట్టుబడినట్లే. పెట్టగానే కళ్ళతో లైటును చూడండి, చెవులతో "టుడుంగ్" అనే శబ్దం వినండి. లైటు లేదు, శబ్దం లేదు అంటే కరెంటే అందడం లేదు, రంధ్రమో వస్తువో అనుమానించాలి. లైటు వెలిగింది గాని శబ్దం రాలేదు, అప్పుడు మాట తీగలు పనిచేయడం లేదు. ఫోను కలిపినప్పుడు ఇలా అయితే నూటికి తొంభై పాళ్ళు కేబులే కారణమని మా అనుభవం. బజారులో చౌకగా వచ్చే చార్జింగు కేబుళ్ళలో కొన్నింటికి కరెంటు తీగలు రెండే ఉంటాయి, మాట తీగలు అసలు వేయరు. ఫోను హాయిగా చార్జి అవుతుంది, కంప్యూటరుకు మాత్రం ఎవరూ వచ్చినట్లే ఉండదు. శబ్దం వచ్చి, "యు.ఎస్.బి. డివైస్ నాట్ రికగ్నైజ్డ్" అని తెర మీద పడిందంటే తలుపు తట్టినమాట నిజం, జవాబు మాత్రం తడబడింది. ఇక పేరు కనబడి ఫైళ్ళు మాత్రం తెరుచుకోవడం లేదంటారా, అప్పుడు పోర్టును అనడానికి లేదు. అది తన పని చేసేసింది.

ఆ తర్వాత మార్చి మార్చి చూడడం. ఒకసారికి ఒక్కటే మార్చాలి, రెండూ ఒకేసారి మారిస్తే ఏది కారణమో తేలదు. అదే పెన్‌డ్రైవ్‌ను వేరే కంప్యూటరులో పెట్టండి. అక్కడా పలకలేదా, మన కంప్యూటరు నిర్దోషి. అక్కడ పలికితే, మన కంప్యూటరు ఇదే రంధ్రంలో ఒక మంచి మౌసును పెట్టండి. మౌసు కదిలిందా, రంధ్రం కూడా నిర్దోషి. పెద్ద డబ్బా కంప్యూటరు అయితే ముందువైపు రంధ్రాలను అంతగా నమ్మకండి. అవి లోపల ఒక సన్నని తీగల కట్టతో బోర్డుకు తగిలించి ఉంటాయి, ఆ కట్ట వదులైనా ముందువైపు పోర్టులన్నీ ఒక్కసారే మూగబోతాయి. వెనుకవైపువి బోర్డు మీదే అతికినవి. ముందు పనిచేయనిది వెనుక పనిచేస్తే బోర్డు మార్చమని ఎవరు చెప్పినా ఒప్పుకోకండి.

పెద్ద హార్డ్ డిస్కు విషయం వేరు. పాత 2.0 పోర్టు ఇవ్వగలిగిన కరెంటు 500 మిల్లీ ఆంపియర్లు, 3.0 పోర్టుకు 900. ఒకే రంధ్రానికి హబ్బు తగిలించి అందులో మౌసు, కీబోర్డు, ప్రింటరు, పైన హార్డ్ డిస్కు పెడితే, ఒక్క కూలి మీద నలుగురి మూట వేసినట్లే. డిస్కు "టిక్ టిక్" అంటుంది గాని తిరగదు. హబ్బు తీసి నేరుగా పెట్టి చూడండి. 2.0 కేబులు పొడవు కూడా 5 మీటర్లు దాటకూడదు.

రంధ్రంలో ఎక్కడైనా షార్టు అయితే బోర్డు తనను తాను కాపాడుకోవడానికి ఆ పోర్టుకు కరెంటు ఆపేస్తుంది. చాలా బోర్డుల్లో ఉండే చిన్న ఫ్యూజు వేడెక్కి అడ్డుకుంటుంది, చల్లారితే మళ్ళీ దారి ఇస్తుంది. అందుకే కంప్యూటరును ఆపి, ప్లగ్గు పూర్తిగా పీకి, లాప్‌టాప్ బ్యాటరీ ఊడేదైతే ఊడదీసి, పవర్ బటన్‌ను అర నిమిషం నొక్కిపట్టి, పావుగంట తర్వాత పెడితే కొన్నిసార్లు పోర్టు తిరిగి లేస్తుంది. మంత్రమేమీ కాదు. విండోస్ 8 నుంచి "షట్ డౌన్" కొట్టినా కొంత నిద్రలోనే ఉంటుంది, "రీస్టార్ట్" కొడితేనే నిజంగా కొత్తగా మొదలవుతుంది. ఇది కూడా చాలామందికి తెలియదు.

ఇప్పుడు మేము కొంచెం ఎక్కువసేపు నిలబడవలసిన విషయం ఎర్తింగు. కంప్యూటరు డబ్బా మీద చేయి పెడితే జివ్వుమంటుందని మన ఇళ్ళలో అంటుంటారు, అని ఊరుకుంటారు. మూడు పిన్నుల ప్లగ్గులో పైనున్న లావు పిన్ను ఎర్తుది. పాత ఇళ్ళలో సాకెట్టుకు మూడు కన్నాలూ ఉంటాయి గాని ఆ పై కన్నానికి వెనుక తీగే ఉండదు. కొందరు రెండు కన్నాల ఎక్స్‌టెన్షన్ బాక్సులో దూరడం కోసం ఆ పిన్నునే విరగ్గొడతారు. కంప్యూటరు పవర్ సప్లైలో కరెంటులోని చెత్తను వడగట్టి ఎర్తులోకి పంపే చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఎర్తు లేకపోతే ఆ చెత్త పోవడానికి దారి లేక, 230 వోల్టులలో దాదాపు సగం డబ్బా రేకు మీద నిలుస్తుంది. కరెంటు మోతాదు బహు స్వల్పం గనుక మనిషికి జివ్వుమనిపించి వదిలేస్తుంది. మరి యు.ఎస్.బి. మాట తీగల మీద నడిచేది 3.3 వోల్టుల వ్యవహారం. ఎర్తున్న గదిలోని ప్రింటరును ఎర్తు లేని గదిలోని కంప్యూటరుకు కేబులుతో కలిపితే ఆ తేడా అంతా ఆ కేబులు గుండా దారి వెతుక్కుంటుంది. పోర్టు అక్కడే కాలిపోవచ్చు. ఒక ప్రింటరును పెట్టిన ప్రతిసారీ పోర్టు పోతున్నదంటే తప్పు ప్రింటరులో కాదు, గోడలో వెతకండి.

ఏం చేయాలి? రెండింటినీ ఎర్తున్న ఒకే బోర్డు మీద పెట్టండి. రెండూ ఆపి ఉన్నప్పుడే కేబులు కలపండి. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తు ఉన్నదో లేదో చూపించండి. నల్లా పైపుకు తీగ చుట్టి "ఎర్తు వేశాం" అనడం ఎర్తింగు కాదు, పైగా ఇంట్లో నీళ్ళు ముట్టుకునేవారికి ప్రమాదం. ఈ ఒక్క పనికి మాత్రం డబ్బు ఖర్చు పెట్టమనే మేము చెబుతాము. అది పోర్టు కంటే ముందు మనుషుల కోసం.

దుమ్ము సంగతి త్వరగా చెప్పేస్తాము. కంప్యూటరును ఆపి, ప్లగ్గు పీకి, టార్చి వేసి చూడండి. నూలుపోగులుంటే మెత్తని పొడి బ్రష్షుతో తీయండి. సముద్రతీరం వైపు ఇళ్ళలో పట్టీల మీద పచ్చగా చిలుము పడుతుంది, దానికి ఐసోప్రొపైల్ ఆల్కహాలు కొద్దిగా అద్దిన దూది పుల్ల వాడి, పూర్తిగా ఆరనివ్వాలి. గుండుసూది, పిన్నీసు లోపల పెట్టకూడదు. లోపలి నాలుక విరిగి పట్టీలు ఒకదానికొకటి తగులుతుంటే ఆ రంధ్రం మీద టేపు వేసి పిల్లలకు అందకుండా చేయండి. అలా షార్టు అయిన పోర్టు వల్ల కంప్యూటరు మొత్తం లేవకపోవడం కూడా కద్దు.

రంధ్రం బాగుండి విండోస్ మొరాయించే సందర్భాలూ ఉన్నవి. తేల్చుకొనే ఉపాయం ఒకటి చెబుతాము. కంప్యూటరు లేస్తుండగా విండోస్ రాకముందే వచ్చే బయాస్ తెరలోకి వెళ్ళండి, అనుమానమున్న పోర్టులో కీబోర్డు పెట్టి బాణం గుర్తులు నొక్కండి. అక్కడ కదిలి విండోస్‌లో కదలకపోతే తప్పు విండోస్‌ది. 2018 ఫిబ్రవరిలో విండోస్ 10కు వచ్చిన ఒక అప్‌డేట్ తర్వాత కొన్ని కంప్యూటర్లలో యు.ఎస్.బి. వస్తువులు పనిచేయడం మానేశాయి, మార్చిలో సవరణ వచ్చింది. 2025 అక్టోబరులో విండోస్ 11 అప్‌డేట్ వల్ల రికవరీ తెరలో యు.ఎస్.బి. కీబోర్డు, మౌసు కదల్లేదు, దానికి వారంలోపే సవరణ ఇచ్చారు. అటువంటప్పుడు షాపుకు వెళ్తే ఏం లాభం?

మామూలుగా అయితే డివైస్ మేనేజర్ తెరిచి, పసుపు గుర్తు పడిన దాన్ని "అన్‌ఇన్‌స్టాల్" చేసి రీస్టార్ట్ చేస్తే కంప్యూటరు మళ్ళీ కొత్తగా పలకరిస్తుంది. కాసేపు పనిచేసి తనంతట మాయమయ్యే వస్తువైతే, అక్కడే "రూట్ హబ్" మీద నొక్కి పవర్ మేనేజ్‌మెంట్‌లో కరెంటు ఆదా కోసం ఆపవచ్చునన్న టిక్కు తీసేయండి. లాప్‌టాపుల్లో ఈ బాధ ఎక్కువ.

వేలిముద్ర యంత్రం గురించి విడిగా ఒక మాట. ఎర్రలైటు వెలుగుతుంది, డివైస్ మేనేజర్‌లో పేరు ఉంటుంది, వెబ్‌సైటు మాత్రం "డివైస్ నాట్ రెడీ" అంటుంది. పోర్టులు మార్చి మార్చి చేతులు నొప్పి పెట్టుకోకండి. ఆధార్ పనులకు ఆర్.డి. సర్వీస్ అనే ప్రోగ్రాము నడుస్తుండాలి, దానికి గడువు కూడా ఉంటుంది. గడువు తీరితే యంత్రం ఎంత బాగున్నా పనికి రాదు. గడువును చివరి తేదీకి నెల ముందే చూసుకోవాలి.

ఇక అన్నింటికంటే నష్టం చేసేది. పెన్‌డ్రైవ్ పెట్టగానే "ఫార్మాట్ చేయాలా?" అని అడుగుతుంది. భయంతో "అవును" నొక్కుతారు. నొక్కవద్దు. లోపల నికానామా కాపీ ఉండవచ్చు, పోయినవారి ఫోటోలు ఉండవచ్చు. ముందు వేరే కంప్యూటరులో, తర్వాత ఫోనుకు ఓ.టి.జి. ముక్కతో తగిలించి చూడండి. అక్కడ తెరుచుకుంటే వెంటనే అన్నీ మరొకచోటికి ఎక్కించుకోండి. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో కనబడి అక్షరం లేకపోతే అక్షరం ఇస్తే చాలు, డ్రైవ్ ప్రత్యక్షమవుతుంది. ఎక్కడా తెరుచుకోకపోతే దాని మీద ఏమీ రాయకుండా, డేటా తీసేవారికి అప్పగించాలి.

షాపుకు వెళ్ళక తప్పనప్పుడు "పోయింది" అని మాత్రం చెప్పకండి. మెకానిక్కులు చాలామంది మంచివాళ్ళే, మనం ఒక్క మాట చెబితే వాళ్ళు మాత్రం ఏం ఊహిస్తారు? ఏ రంధ్రం, ఏ వస్తువు, లైటు వెలిగిందా, తెర మీద ఏ అక్షరాలు పడ్డాయి, వేరేచోట ఏమైంది, ఒక చీటీ మీద రాసి ఇవ్వండి. తెరను ఫోనుతో ఫోటో తీస్తే ఇంకా మంచిది. ఈ చీటీ చూసినవారు బోర్డు మాట అంత తేలిగ్గా ఎత్తరు.

నిజంగానే పోర్టు చచ్చిపోయిందని తేలినా బోర్డే మార్చనక్కర లేదు. విరిగిన రంధ్రం ఒక్కదాన్ని ఊడదీసి కొత్తది అతికే పనివారున్నారు. డబ్బా కంప్యూటరులో ఖాళీ స్లాటు ఉంటే యు.ఎస్.బి. కార్డు ఒకటి వేయించవచ్చు. లాప్‌టాప్‌లో ఒక్క పోర్టు బతికి ఉన్నా, సొంత అడాప్టరు ఉన్న హబ్బు తగిలిస్తే మిగతావి దాని మీద నడుస్తాయి. సంఘం గదిలో అటువంటి హబ్బు ఒకటి, మంచి కేబుళ్ళు రెండు పరీక్ష కోసం ఉంచాము. తెచ్చి చూసుకోవచ్చు, వాటిని ఇంటికి మాత్రం ఇవ్వలేము.