మళ్లీ చెప్పడం, మనదిగా చెప్పడం

(సభ్యుల సమావేశంలో యువజన విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



నేను సాఫ్ట్‌వేర్ పని చేసేవాణ్ని. గుడిలో నా సేవ మైకుల దగ్గర, సభ్యుల జాబితా దగ్గర, ఆదివారం పిల్లల క్లాసులో. ఈసారి పండగ కార్యక్రమం గురించి మనలో రెండు మాటలు వినిపిస్తున్నాయి. "ప్రతి ఏడూ సినిమా పాటలే. యూట్యూబ్‌లో చూసి దించేస్తున్నారు" అని పెద్దలు. "ఆ రామాయణం, ఆ భారతం ఎన్నిసార్లు వేస్తాం? కొత్తది చేద్దాం" అని పిల్లలు. ఎదురెదురు మాటల్లా ఉన్నా రెండూ అడిగేది ఒక్కటే: కాపీ ఏది, సొంతం ఏది? దాని గురించే నాకు తోచిన నాలుగు మాటలు చెప్తాను.

ముందు సినిమా సంగతి. 2013లో జీతూ జోసెఫ్ మలయాళంలో 'దృశ్యం' తీశారు. మరుసటి ఏడాదే కన్నడంలోనూ, వెంకటేశ్‌తో తెలుగులోనూ వచ్చింది. 2015లో తమిళం, హిందీ. తర్వాత సింహళం. 2019లో చైనా వాళ్లూ తీశారు. ఇన్ని దేశాల్లో ఇన్నిసార్లు ఎందుకు తీశారు? నిర్మాత లెక్క సులువు. కొత్త కథ మీద డబ్బు పెడితే ఆడుతుందో లేదో తెలియదు. ఒకచోట ఆడిన కథకు హక్కులు కొంటే సగం భయం పోతుంది. వేరే భాష సినిమా వేరే ఊళ్లో దొరకని రోజుల్లో ఆ లెక్క బాగానే నడిచింది. ఇప్పుడు మాతృక డబ్బింగ్‌తో, సబ్‌టైటిల్స్‌తో ఇంట్లోనే దొరుకుతోంది. 2019 మలయాళ 'లూసిఫర్' తెలుగు డబ్బింగ్‌లో వచ్చేసిన తర్వాత, 2022లో దాన్నే తెలుగులో 'గాడ్‌ఫాదర్'గా మళ్లీ తీశారు. చూసిన కథనే మళ్లీ చూడమంటే ప్రేక్షకుడు అడిగేది ఒకటే: ఇందులో నాకోసం కొత్తగా ఏం చేశారు?

ఈ ప్రశ్న గుర్తుంచుకుని 'మాయాబజార్' దగ్గరికి వెళ్దాం. మన పెద్దల్లో దాన్ని పదిసార్లు చూడనివాళ్లు తక్కువ. 1957లో కె.వి. రెడ్డిగారి దర్శకత్వంలో విజయా సంస్థ తీసిన ఆ సినిమా కథ కొత్తది కాదు. 1936లోనే శశిరేఖా పరిణయం తెరకెక్కింది. అంతకుముందు నుంచీ సురభి నాటక సమాజాలు అదే కథను ఊరూరా ఆడాయి. ఇంకో విశేషం ఏమిటంటే, శశిరేఖ పెళ్లి కథ వ్యాస భారతంలో లేదు. అది జనం నోట పుట్టిన కథ.

మరి ఆ సినిమా మనకెందుకు సొంతమైంది? పాండవులు కనిపించకుండానే భారత కథ నడిపారు. ద్వారకలో తెలుగింటి పెళ్లి జరిపించారు, విస్తట్లో తెలుగు వంటలు వడ్డించారు. పింగళి నాగేంద్రరావుగారు 'అసమదీయులు', 'తసమదీయులు' అంటూ ఘటోత్కచుడి పరివారానికి ఒక భాషే పుట్టించారు. శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుణ్ని సావిత్రిగారు నడకలో, చూపులో చూపించారు. కథ పాతదే, చెప్పిన చోటు మనది. కొత్తదే కావాలనే తమ్ముళ్లు ఈ సంగతి ఆలోచించాలి. కొత్త కథ అనుకునే 'ఆర్ఆర్ఆర్'లో మాత్రం పాత్రల పేర్లు ఏమిటి? రామ్, సీత, భీమ్.

పెద్దల భయం ఇంకోటి: పురాణంలో మార్పులు చేస్తే అపచారం కాదా అని. తెలుగు సాహిత్యం మొదలైందే తిరిగి చెప్పడంతో. పదకొండో శతాబ్దంలో రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుడి కోరిక మీద నన్నయగారు భారతం మొదలుపెట్టారు. తర్వాత తిక్కనగారు పదిహేను పర్వాలు రాశారు. ఎవరూ మాటకు మాట పెట్టలేదు. తిక్కనగారు భగవద్గీత భాగాన్ని బాగా కుదించారు కూడా. ఇక ఇళ్లలో ఆడవాళ్లు పాడుకున్న 'ఊర్మిళాదేవి నిద్ర' సంగతి చూడండి. లక్ష్మణుడు అడవికి వెళ్తే ఇంట్లో ఉండిపోయిన భార్య ఏమైందో వాల్మీకి చెప్పలేదు. ఆమె పద్నాలుగేళ్లు నిద్రపోయిందని అమ్మమ్మలు పాట కట్టారు. అడగవలసిన ప్రశ్న వాళ్లు అడిగారు, జవాబూ వాళ్లే చెప్పుకున్నారు. రామాయణం మళ్లీ ఎందుకని విశ్వనాథ సత్యనారాయణగారు 'రామాయణ కల్పవృక్షం' మొదట్లో తనను తానే అడిగి, ఎవరి అనుభవం వారిది, ఎవరి భక్తి వారిది అన్న అర్థంలో జవాబు చెప్పుకున్నారు.

రామకథ మనతోపాటు మాత్రమే ఈ దేశానికి రాలేదు. ఇక్కడివాళ్లు ఎప్పుడో దాన్ని తమది చేసుకున్నారు. 1767లో బర్మా సైన్యం అయుత్తయను జయించి అక్కడి కళాకారులను ఇక్కడికి తెచ్చింది. వాళ్ల నాట్యం ఇక్కడి కొలువులో పెరిగి 'యామ జాత్‌డో' అయింది. రాముడు యామ, సీత తిదా, దశగ్రీవుడు దథగిరి. నడకలో, సంగీతంలో బర్మా తీరు కలిసింది. దాన్ని చూసి ఇది మన రామాయణానికి నకలు అని ఎవరైనా అంటారా?

ఇదే రంగూన్‌లో ఇంకో ఉదాహరణ కూడా ఉంది. టీ షాపులో కూర్చుంటే 'కాపీ తచిన్' వినిపిస్తుంది. ఇంగ్లీషు పాటదో, చైనా పాటదో బాణీ తీసుకుని బర్మా మాటలు కూర్చిన పాట అది. దానికి ఎదురుగా సొంత బాణీ కట్టుకున్నదాన్ని ఇక్కడ 'ఓన్ ట్యూన్' అంటారు. డాక్టరు సాయ్ ఖమ్ లెయిక్ కట్టిన పాటలు సాయ్ థీ సైంగ్ గొంతులో ఎంతమంది ఇళ్లకు చేరాయో మీకు తెలుసు. కాపీ పాటలు విని పెరిగిన చెవులే సొంత బాణీని కూడా గుర్తుపట్టి గుండెకు హత్తుకున్నాయి. వినేవాళ్లకు తేడా తెలుస్తుంది.

నా పనిలోంచి ఒక మాట. మా రంగంలో ఇతరులు రాసిన కోడ్ తీసుకోవడం తప్పు కాదు. ఓపెన్ సోర్స్ అంతా దానిమీదే నడుస్తుంది. అయితే తీసుకున్నవాడు అసలు రాసినవాడి పేరు ఉంచాలి, తీసుకున్నది అర్థం చేసుకోవాలి. అర్థం కాకుండా అతికించిన కోడ్ కొన్నాళ్లు నడుస్తుంది. ఆగిపోయిన రోజు దాన్ని బాగుచేసేవాడు ఉండడు.

నా అసలు బాధ ఇక్కడ ఉంది. ఆదివారం క్లాసుకు వచ్చే పిల్లల్లో చాలామంది తెలుగు పాటను బర్మా అక్షరాల్లో రాసుకుని పాడతారు. స్టెప్పు తప్పు పోదు. పాటకు అర్థం అడిగితే నవ్వుతారు. అది వాళ్ల తప్పు కాదు, మనం చెప్పలేదు. ఇలాగే సాగితే ఇంకో తరానికి తెలుగు మనకు చూసి దించే వస్తువు అవుతుంది. దానిలో ఒక కొత్త వాక్యం కట్టగలిగేవాళ్లు ఈ ఊళ్లో మిగలరు. సినిమా పాట మానేసినా, పాత నాటకమే అప్పజెప్పినా ఆ నష్టం పూడదు. అర్థం తెలియని పద్యం కూడా కాపీయే.

అందుకని కమిటీ ముందు మూడు సూచనలు పెడుతున్నాను. ఒకటి, సినిమా పాట వద్దనకుండా, ఆ పాట అర్థం పిల్లలు ముందు చెప్పాలి, ఒక్క చరణానికైనా స్టెప్పులు సొంతంగా కట్టుకోవాలి. పాట ఎవరు రాశారో, ఎవరు బాణీ కట్టారో స్టేజీ మీద చెప్పాలి. రెండు, రామాయణంలోంచి ఒక ఘట్టం ఇరవై నిమిషాల నాటకంగా పిల్లలే రాయాలి. తెలుగు, బర్మా రెండు భాషల్లోనూ మాట్లాడనివ్వండి. వాళ్ల ఇంట్లో మాట అదే కదా. మూడోది పెద్దలకు సంబంధించింది. కోరంగి, కాకినాడ, విశాఖ రేవుల నుంచి మనవాళ్లు ఓడలెక్కి వచ్చారు. కోరంగి పేరే మనకు ఇక్కడ జాతి పేరైంది. 1942లో లక్షలమంది భారతీయులు యుద్ధానికి భయపడి ఇల్లూ వాకిలీ వదిలారు, ఎందరో కొండలూ అడవులూ దాటి నడిచారు. 1960లలో వ్యాపారాలు జాతీయం అయ్యాక మరెందరో వెళ్లిపోయారు. మిగిలినవాళ్ల పిల్లలం మనం. వనవాసం, ఇల్లు వదలడం, తిరిగి రావడం మన ఇళ్లలో జరిగిన కథ. తాతయ్యలూ అమ్మమ్మలూ నాటకం రాసే పిల్లల దగ్గర ఒక ఆదివారం కూర్చుని ఆ సంగతులు చెప్పాలి. ఊర్మిళ పాట కట్టినవాళ్ల మనవలు మనం. ఓడెక్కిన భర్త కోసం ఊళ్లో ఎదురుచూసిన ముత్తవ్వ మీద ఒక పాట కట్టలేమా?

మొదటిసారి బాగా రాకపోవచ్చు. మాటలు తడబడతాయి, భాష కలగాపులగం అవుతుంది. ఓపిక పట్టండి. దిద్దవలసినచోట దిద్దండి, ఆపవద్దు. పేర్లు ఇవ్వదలచిన పిల్లలూ, కథలు చెప్పదలచిన పెద్దలూ ఆదివారం హారతి అయ్యాక నన్ను కలవండి.