తినే సోడా – కండబలం

మన వంట ఇళ్ళలో మూలన చిన్న డబ్బాలో ఉండే పదార్థం తినే సోడా. మిర్చి బజ్జీల పిండిలో ఒక చిటికెడు, శనగలు త్వరగా ఉడకడానికి ఒక చిటికెడు, కడుపులో మంటగా ఉన్నదని పెద్దవారు నీళ్ళలో కలుపుకొనే చిటికెడు – ఇంతటితో దాని పని తీరిపోతుందని గృహిణుల అభిప్రాయం. రసాయనశాస్త్రంలో దీని పేరు సోడియం బైకార్బొనేట్. అయితే ఈ తెల్లని పొడికి మరొక కొలువు కూడా దొరికినది. దేశ విదేశాలలో బరువులెత్తేవారు, పరుగు పందాలలో పాల్గొనేవారు కొందరు దీనిని చిటికెలతో కాక చెంచాలతో కొలిచి తాగుతున్నారు. తాగితే బలం వస్తుందని కొందరంటారు. అలసట దరిచేరదని మరికొందరంటారు. ఇది ఒట్టి భ్రమ అనేవారూ ఉన్నారు. ఈ మాటలలో ఏది ఎంతవరకు నిజమో విచారించడమే ఈ ప్రసంగం ఉద్దేశం.

ఉత్తర తెలంగాణ ప్రాంతంలో ఇది కేవలం కుతూహలం కొద్దీ అడిగే ప్రశ్న కాదు. 2016లో విభజన పొందక పూర్వం కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలుగా ఉండిన ఈ విశాల ప్రదేశంలో, పోలీసు ఉద్యోగానికై తెల్లవారుజామున మైదానాలకు చేరి పరుగెత్తే యువతీ యువకులు ఎందరో ఉన్నారు. 2018లో నియామక ప్రకటన వెలువడిన తరువాత మళ్ళీ వెలువడినది 2022 ఏప్రిల్‌లో. ఆ సంవత్సరం డిసెంబరులో మొదలైన దేహదారుఢ్య పరీక్షలకు కరీంనగర్, ఆదిలాబాద్ పట్టణాలు కూడా కేంద్రాలుగా ఉండినవి. పురుషులు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలోను, స్త్రీలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలోను పరుగెత్తవలసి ఉండినది. అందులో నెగ్గినవారికి లాంగ్‌జంప్, షాట్‌పుట్. పురుషులు 7.26 కిలోల ఇనుపగుండును 6 మీటర్లు, స్త్రీలు 4 కిలోల గుండును 4 మీటర్లు విసరవలెను. ఒక్క ఉదయం తప్పిపోతే మరల నాలుగేండ్లు ఎదురుచూడవలసి వచ్చిన పరీక్ష అది. అటువంటి ఉదయాన మిత్రుడెవరో ఒక గ్లాసు సోడా నీళ్ళు అందించి “ఇది తాగు, కాళ్ళు ఆగవు” అంటే, తాగవలెనా, మానవలెనా? ఆ యువకునికే కాదు, అతని తల్లిదండ్రులకు కూడా దీనికి సమాధానం తెలిసి ఉండడం మంచిది.

బలం అనే మాట ఒక్కటే అయినా, దాని అర్థాలు రెండు. జమ్మికుంట మార్కెట్‌లోనో, పెద్దపల్లి రైసుమిల్లులోనో బస్తాలు మోసే హమాలీని గమనించండి. మిక్కిలి బరువైన బస్తాను ఒక్కసారి భుజానికెత్తడం ఒక బలం. అదే బస్తాను ఆగకుండా నలభై మార్లు లారీకెక్కించడం మరొక బలం. మొదటి దానిలో పరీక్షకు నిలిచేది కండరం పరిమాణం, నరాలు దానినెంత గట్టిగా పురికొల్పగలవన్న సంగతి. రెండవ దానిలో పరీక్షకు నిలిచేది కండరం అలసటను ఎంతసేపు ఓర్చుకోగలదన్న విషయం. ముప్పైయవ బస్తా దగ్గర చేతులు మండుతాయి, పిడికిలి పట్టు సడలుతుంది. అప్పుడు హమాలీ కండ తరిగిపోలేదు. కాని కండలోని పరిస్థితి మారిపోయినది.

ఆ పరిస్థితి ఏమిటి? కండరం తీవ్రంగా పనిచేసేటప్పుడు, ప్రాణవాయువు సాయంతో శక్తిని పుట్టించుకొనే వేగం దానికి చాలదు. అప్పుడది తనలో నిల్వ ఉన్న చక్కెర పదార్థాన్ని ప్రాణవాయువు లేకుండానే వేగంగా విచ్ఛిన్నం చేసుకొంటుంది. ఈ తొందర పనిలో ఉదజని అయానులు పోగవుతాయి. వాటివలన కండరంలో ఆమ్లగుణం పెరుగుతుంది. ఒకప్పుడు అలసటకంతటికీ ఈ ఆమ్లమే కారణమని భావించేవారు. అలసటకు కారణాలు అనేకమని, వాటిలో ఇది ఒకటి మాత్రమేనని ఇప్పుడు తెలిసినది. అయినప్పటికీ, అర నిమిషం మొదలు కొన్ని నిమిషాల వరకు ఊపిరి బిగబట్టి చేసే పనులలో దీని పాత్ర గణనీయమైనది.

ఇక్కడనే సోడా ప్రవేశిస్తున్నది. నిమ్మరసంలో చిటికెడు సోడా వేస్తే బుసబుస పొంగి పులుపు తగ్గడం అందరూ చూచినదే. సోడా క్షారం, ఆమ్లాన్ని అణచడం దాని స్వభావం. నిజానికి మన రక్తంలో బైకార్బొనేట్ సహజంగానే ఉన్నది. రక్తం సమతూకం తప్పకుండా అనుక్షణం కాపలా కాస్తున్నది. సోడా తాగినప్పుడు రక్తంలో ఈ కాపలాదారుల సంఖ్య కొన్ని గంటల సేపు పెరుగుతుంది. అయితే తాగిన సోడా నేరుగా కండరపు కణంలోనికి చొరబడి అక్కడి ఆమ్లాన్ని చంపుతుందనుకోవడం పొరపాటు. కణం గోడ దానిని సులభంగా లోనికి రానీయదు.

మరి మేలు ఎట్లా జరుగుతుంది? మన రైతులకు దీనిని వివరించడం సులభం. భారీ వర్షం కురిసి పొలంలో నీరు నిలిచినది. పక్కన వాగు ఉన్నది. వాగు నిండుగా పారుతుంటే పొలంలోని నీరు బయటికి పోదు. వాగులో మట్టం తగ్గి ఉంటే గండి కొట్టగానే నీరు జరజర దిగిపోతుంది. పొలం కండరం, నిలిచిన నీరు ఆమ్లం, వాగు రక్తం. సోడా చేసేదల్లా వాగు మట్టాన్ని తగ్గించి ఉంచడం. అందుచేత కండరం తనలోని ఆమ్లాన్ని మరికొంత వేగంగా బయటికి పంపి, మరికొంతసేపు పని చేయగలుగుతుంది. పొలంలో ఒక్క గింజ కూడా దీనివలన అధికంగా పండదన్న సంగతి మాత్రం మరువరాదు.

ఇది నిన్న మొన్న పుట్టిన ఊహ కాదు. అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో అలసటను గురించి పరిశోధించడానికే ఒక ప్రయోగశాల 1927లో వెలసినది. అక్కడి శాస్త్రజ్ఞులు డిల్, ఎడ్వర్డ్స్, టాల్బాట్ అనేవారు రక్తంలో క్షారగుణానికి, పని చేసే సామర్థ్యానికి గల సంబంధాన్ని గూర్చి 1932లోనే వ్యాసం ప్రచురించినారు. ఆ తరువాత దశాబ్దాలుగా జరిగిన పరిశోధనల సారాన్ని సమీక్షించి, అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం 2018లో వెలువరించిన నివేదికలో, ఫలితమున్నట్లు తగిన ఆధారాలు గల అతి కొద్ది పదార్థాలలో దీనిని కూడా చేర్చినారు. సుమారు ఒక నిమిషం పాటు సాగే తీవ్ర ప్రయత్నంలో దాదాపు నూటికి 2 పాళ్ళ మెరుగు ఉండవచ్చునని అందులో ఉన్నది. క్రీడా పోషణకు సంబంధించిన అంతర్జాతీయ సంఘం 2021లో ప్రకటించిన తీర్మానం ప్రకారం, అర నిమిషం నుండి 12 నిమిషాల వరకు సాగే తీవ్రమైన వ్యాయామంలో దీని ప్రయోజనం కనిపిస్తుంది.

బరువులెత్తేవారు ఇక్కడ ఒక భేదాన్ని శ్రద్ధగా గమనించవలెను. కండరం అలసిపోయేవరకు ఒకే బరువును మాటిమాటికి ఎత్తే కసరత్తులో సోడా వలన మరికొన్ని మార్లు ఎత్తగలగడం పరిశోధనలలో కనిపించినది. కాని ఒకే ఒక్కసారి ఎత్తగల గరిష్ఠ బరువు మాత్రం పెరగలేదు. కారణం స్పష్టం. 2000 సంవత్సరంలో సిడ్నీ ఒలింపిక్స్‌లో మన తెలుగు బిడ్డ కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో 110 కిలోలు, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కిలోలు ఎత్తి కాంస్యపతకం గెలిచినది. అటువంటి ఒక్కొక్క ఎత్తు కొన్ని సెకన్లలో ముగిసిపోతుంది. ఆ కొద్దిపాటి వ్యవధిలో ఆమ్లం పోగుపడి అడ్డు తగలడానికి సమయమే లేదు. అడ్డే లేనప్పుడు దానిని తొలగించే మందుతో పనేమున్నది?

ఈ సూత్రాన్నే పోలీసు పరీక్షకు అన్వయించి చూడండి. లాంగ్‌జంప్, షాట్‌పుట్ రెండును క్షణాలలో ముగిసేవి. సోడా వాటికి నిరుపయోగం. 1600 మీటర్ల పరుగు ఆ 12 నిమిషాల హద్దులో పడుతున్న మాట నిజమే. 7 నిమిషాల 15 సెకన్లలో నూటికి 2 పాళ్ళు అంటే సుమారు 9 సెకన్లు. ఆ 2 పాళ్ళ లెక్క ఒక నిమిషపు ప్రయత్నానిది గనుక, ఇంత పరుగులో అంత కూడా దక్కుతుందన్న భరోసా లేదు. పరుగు మధ్యలో కడుపులో తిప్పి ఒక్కసారి ఆగవలసి వస్తే పోయేది 9 సెకన్లు కాదు, నాలుగేండ్లు.

కడుపులో తిప్పడమన్నది నేను భయపెట్టడానికి అంటున్న మాట కాదు, లెక్క చూడండి. పరిశోధనలలో ఫలితమిచ్చిన మోతాదు శరీరపు బరువులో కిలోకు 0.2 నుండి 0.3 గ్రాములు. అరవై కిలోల యువకునికి 12 నుండి 18 గ్రాములు. అంటే రెండున్నర నుండి దాదాపు నాలుగు చిన్న చెంచాలు. బజ్జీల పిండిలో వేసే చిటికెడుకు దీనికి పోలికే లేదు. కడుపులోని ఆమ్లంతో కలిసినప్పుడు సోడా నుండి బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. 18 గ్రాముల సోడా పూర్తిగా ఆ విధంగా మారితే పుట్టే వాయువు అయిదు లీటర్లకు పైమాటే. అంతా మారదు; కాని కొంత మారినా ఉబ్బరం, వికారం, వాంతి, విరేచనాలు కలగవచ్చును. ఈ బాధలు ఒకరికి కలుగుతాయి, మరొకరికి కలగవు. ఎవరికి కలుగుతాయో తాగిన తరువాతనే తెలుస్తుంది. పొట్టనిండా భోజనం చేసిన వెంటనే అధికంగా సోడా తాగి, వాయువు ఒత్తిడికి జీర్ణాశయమే చిట్లిన అరుదైన సంఘటనలు కూడా వైద్య గ్రంథాలలో నమోదైనవి.

రెండవ లెక్క ఉప్పుది. తినే సోడా బరువులో నాలుగవ వంతుకు పైగా సోడియమే. 18 గ్రాములలో దాదాపు 5 గ్రాముల సోడియం ఉంటుంది. పెద్దవారు దినానికి 2 గ్రాములకు లోపుగానే సోడియం తీసుకోవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. అనగా రెండున్నర దినాల పరిమితి ఒక్క గ్లాసులో ముగిసిపోయినది. పచ్చళ్ళు, అప్పడాలు ఎలాగూ మన విస్తరిలో ఉండనే ఉన్నవి! రక్తపోటు, గుండెజబ్బు, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు, గర్భిణులు, నిత్యం మందులు వాడేవారు ఈ ప్రయోగం జోలికి పోరాదు. పిల్లలతో ఎంతమాత్రం చేయించరాదు.

మూడవది, గృహిణులు ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసిన సంగతి. తినే సోడా వేరు, బట్టలుతికే సోడా వేరు. రెండును తెల్లగానే ఉంటాయి. రెండింటినీ “సోడా” అనే అంటాము. ఉతికే సోడా సోడియం కార్బొనేట్. అది చాలా తీక్షణమైన క్షారం. చెంచాలతో మింగితే నోటిని, గొంతును, అన్ననాళాన్ని పొక్కిస్తుంది. రెండు డబ్బాలకు పేరు రాసి వేర్వేరు చోట్ల ఉంచడం మంచిది. బేకింగ్ పౌడర్ కూడా తినే సోడాకు మారు కాదు. అందులో ఇతర పదార్థాలు కలిసి ఉంటాయి.

ఇది నిషిద్ధ ద్రవ్యమా అని కొందరు సందేహించవచ్చును. గుర్రప్పందాలలో గుర్రాలకు గొట్టం ద్వారా సోడా పట్టించే దురాచారం ఉండేది. దానిని పసిగట్టడానికి పందెపు అధికారులు గుర్రాల రక్తాన్ని పరీక్షించి, హద్దు మించితే శిక్షిస్తున్నారు. మనుష్యుల క్రీడలలో మాత్రం ప్రపంచ ఉత్ప్రేరక నిరోధక సంస్థ దీనిని నిషిద్ధ జాబితాలో చేర్చలేదు. నిషేధం లేకపోవడం వేరు, నిరపాయం కావడం వేరు.

కబడ్డీ ఆటగాడో, సంవత్సరాల తరబడి శిక్షణ పొందిన పందెపు పరుగుగాడో దీనిని పరీక్షించదలచుకుంటే, ముందుగా వైద్యుని, శిక్షకుని సలహా పొందవలెను. చెంచాతో గాక త్రాసుతో తూచి, తక్కువ మోతాదుతో మొదలిడవలెను. ఒక్క గుక్కలో గాక విడతలు విడతలుగా, తేలికపాటి ఆహారంతో, ధారాళంగా నీటితో, వ్యాయామానికి గంట నుండి మూడు గంటల ముందు తీసుకోవడం పరిశోధకులు అనుసరించే పద్ధతి. అది కూడా సాధన దినాలలోనే. పరీక్ష దినాన మొదటిసారి తాగడం, తెలియని వాగులో రాత్రివేళ అడుగు పెట్టడం వంటిది.

మిగిలిన వారికి సోడాతో పని లేదు. నూటికి 2 పాళ్ళ లాభం, మిగిలిన 98 పాళ్ళను కష్టించి సంపాదించుకొన్నవారికే లెక్కకు వస్తుంది. క్రమం తప్పని పరుగు, దండీలు, బస్కీలు, నెల నెలా కొద్ది కొద్దిగా పెంచుకొంటూ ఎత్తే బరువు, పప్పు, గుడ్డు, పాలు, జొన్నరొట్టె, రాత్రి కంటినిండా నిద్ర – ఇవి కండను పెంచుతాయి, ఊపిరిని పెంచుతాయి. ఆమ్లాన్ని ఓర్చుకొనే శక్తి, దానిని తొందరగా వెళ్ళగొట్టే శక్తి కూడా సాధనతోనే కండరానికి అలవడుతాయి. అంటే సోడా కొద్ది గంటల కొరకు అప్పుగా ఇచ్చేదానిని సాధన మనకు సొంత ఆస్తిగా ఇస్తున్నది. మైదానానికి బయలుదేరే కుమారునికి, కుమార్తెకు ఇంటివారు అందించవలసినది ఆ సాధనకు తగిన తిండి, తగిన విశ్రాంతి. సోడా డబ్బా వంటింటి మూలననే ఉండనీయండి. అక్కడ దాని పని దానికి ఉన్నది.