నీళ్లు ముందు మన పేటకే ఎందుకొస్తాయి?

(కాకినాడలో చేసిన ప్రసంగ పాఠం)



కాకినాడ సంస్కృతి గురించి మాట్లాడమంటే పెద్దమనుషులు ఎక్కడ మొదలెడతారో మనకి తెలుసు. సరస్వతీ గానసభ అంటారు. పిఠాపురం రాజావారి కాలేజీ అంటారు. కాజా అంటారు. 1923 డిసెంబరులో కాంగ్రెసు మహాసభ ఈ ఊళ్లోనే జరిగిందని గొప్పగా చెప్తారు. ఆ సభకి అధ్యక్షత వహించింది మౌలానా మహమ్మదలీ. అంటరానివాళ్లని హిందువులూ ముస్లిములూ పంచుకోవచ్చుననే సూచన ఆయన ఆ వేదిక మీదనుంచే చేశాడు. కళ్లంలో ధాన్యం పంచుకున్నట్టు! మనల్ని అడిగినవాడు లేడు. బాబాసాహెబ్ ఈ సంగతిని తన రాతల్లో గుర్తుచేశారు గానీ, కాకినాడ గొప్పలు రాసేవాళ్లు ఈ ముక్క మాత్రం రాయరు. కాజా తియ్యగానే ఉంటుంది, మేం కాదనడం లేదు.

మరి మన సంస్కృతి ఏదంటే మనవాళ్లే తడబడతారు. "మనకేం సంస్కృతండీ, కూలి చేసుకునేవాళ్లం" అంటారు. ఆ మాటే తప్పు. రేడియోలు లేని రోజుల్లో గోదావరి ఏటిగట్టు వెంబడి ఊళ్లకి వరద కబురు అందించింది ఎవరు? డప్పు పట్టుకున్న వెట్టివాడు. ఆ డప్పు మోగితేనే ఊరు లేచేది. రాత్రంతా లాంతరు పట్టుకుని, గట్టుకి ఎక్కడ గండి పడుతుందోనని కాపలా కాసింది కూడా అతనే. ఊరి జనం మేడలెక్కాక అతను తన పేటకి పరిగెత్తేవాడు. అప్పటికి పేటలో మోకాలి లోతు. ఆ డప్పునే మామూలు రోజుల్లో మైల అన్నారు. ఊరి ప్రాణం కాపాడిన వాద్యాన్ని ఏ గానసభలోకీ రానివ్వలేదు.

డప్పు తర్వాత చర్చి గంట. 1874లో కెనడా బాప్టిస్టు మిషనరీ జాన్ మెక్‌లారిన్ ఈ ఊరొచ్చాడు. అంతకు ముందే థామస్ గేబ్రియల్ అనే మన తెలుగు మనిషి ఇక్కడ పని మొదలుపెట్టి ఉన్నాడు. అతని పేరు ఎంతమందికి తెలుసు? ఎవరు ఏ దేవుణ్ణి కొలుస్తారన్నది కాదు ఇక్కడ మాట. చాలా పేటల్లో మొదటి పక్కా కప్పు చర్చిది. మిగతావన్నీ తాటాకు పాకలు. గాలివానకి పాకలు లేచిపోతే మాల, మాదిగ, రెల్లి అన్న తేడా లేకుండా జనమంతా దాని కిందకే చేరేవాళ్లు. ఒకటే పొయ్యి. ఎవరింట మిగిలిన బియ్యం వాళ్లు తెచ్చి అందులోనే పోసేవాళ్లు. ముందు బాలింతలకి, తర్వాత పిల్లలకి, ఆఖర్న మగాళ్లకి. ఈ వరస ఎవరూ రాసిపెట్టలేదు. మన ఆడవాళ్లు పెట్టిన వరస అది. మామూలు రోజుల్లో ఉపకులాల తగువులతో చీలిపోయే మనం ఆ నాలుగు రోజులూ ఒకే గంజి తాగాం. నీళ్లు తీశాక మళ్లీ ఎవరి వీధి వాళ్లదైంది. ఇది కూడా చెప్పుకోవాల.

మా తరంవాళ్ల పుట్టిన తేదీలు చూడండి. బళ్లో వేసేటప్పుడు అమ్మానాన్నలు సంవత్సరం చెప్పలేదు. "పెద్ద వరదప్పుడు చంకలో ఉన్నాడండి" అన్నారు, అయ్యవారు ఏదో ఒక తేదీ వేసేశారు. పెద్ద వరదంటే 1986 ఆగస్టు. ధవళేశ్వరం దగ్గర సుమారు 35 లక్షల క్యూసెక్కులు పారింది. ఇక గాలివానంటే 1996 నవంబరు 6. కాకినాడకి దక్షిణంగా తీరం దాటిన ఆ తుఫానులో వెయ్యిమందికి పైగా పోయారు. భైరవపాలెంలాంటి పల్లెల్లో వేటకెళ్లిన మగవాళ్లు తిరిగి రాలేదు. శవం దొరకని చావుకి కాయితం పుట్టించడానికి ఎన్ని ఆఫీసుల గడపలు తొక్కాలో మన మత్స్యకార సోదరుల్ని అడగండి. మన చరిత్రకి సంవత్సరాలు పెట్టింది నీళ్లే.

"వరదకి కులం ఉంటుందా మాస్టారూ" అని మమ్మల్ని స్టాఫ్ రూముల్లో అడుగుతుంటారు. నీరు పల్లమెరుగు అని సామెత ఉంది గదా. ఆ పల్లంలో ఎవర్ని పెట్టారన్నది మాత్రం సామెతలో లేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది, డెల్టా పచ్చబడింది. కాటన్ దొరకి ఊరూరా విగ్రహాలున్నాయి. మట్టి తట్టలు మోసిన కూలీలకి ఒక్కటీ లేదు. మెరకలో ఊరు, కాలవ నీళ్లు ఎక్కే చోట వాళ్ల పొలం, మురుగు దిగే చోట మన పేట. కూలి వెతుక్కుంటూ మన పెద్దలు కాకినాడ వస్తే ఇక్కడా అదే వరస. ఈ ఊరు సముద్రానికి ఎంత ఎత్తులో ఉందని? వాన దంచికొట్టే వేళకి సముద్రం పోటు మీదుంటే డ్రైన్ల నీరు ఉప్పుటేట్లోకి పోదు, వెనక్కి తంతుంది. 2020 అక్టోబరు 13న వాయుగుండం కాకినాడ దగ్గరే తీరం దాటినప్పుడు అదే చూశాం.

ఆ 2020లోనే ఇంకో వింత జరిగింది. పేదలకి ఇళ్ల స్థలాలిస్తామని దుమ్ములపేట దగ్గర మడ అడవి కొట్టారు. కేసు హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. అటు రాజమండ్రి పక్క బూరుగుపూడిలో వానొస్తే మునిగే ఆవ భూములు కొని, అవీ పేదల స్థలాలకే అన్నారు. ఆ తగువు హైకోర్టుకెక్కింది. ఒకాయన మడ అడవిని కాపాడాలంటాడు, నిజమే. ఉప్పెన వస్తే మనకి అడ్డం నిలబడేది ఆ మడ చెట్లూ, హోప్ ఐలాండ్ ఇసకదిబ్బానూ. ఇంకొకాయన పేదలకి ఇల్లు వద్దా అంటాడు. అదీ నిజమే. కానీ పేదోడి ఇల్లు మడ అడవిలోనో మునిగే ఆవలోనో తప్ప ఇంకెక్కడా ఎందుకు పట్టదు? మెరక భూములు ఎవరి పేరు మీదున్నాయి? ఆ ప్రశ్న రెండు పక్షాల్లోనూ గట్టిగా అడిగినవాళ్లు మాకు కనబడలేదు. అడగాల్సింది మనమే.

కోనసీమ సంగతి మీకు చెప్పక్కర్లేదు. 2022 ఏప్రిల్‌లో జిల్లా అయింది. అంబేద్కర్ పేరు పెడతారని తెలిసి మే 24న అమలాపురంలో దళిత మంత్రి ఇల్లు, ఒక ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. చివరికి ఆ పేరే నిలబడింది. రెండు నెలలు తిరక్కుండానే, జూలైలో, ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటింది, లంకలు మునిగాయి. పేరు కోసం కొట్లాడిన మనం, ఆ పేరున్న జిల్లాలో లంక పేటలకి పడవ ఎన్నో గంటకి వచ్చిందో లెక్క అడిగామా? లంక భూమి కౌలుకి చేసేవాడికి పంట నష్టం ఎవరి ఖాతాలో పడిందో అడిగామా? పేరు ముఖ్యమే. ఈ లెక్కలు కూడా ఆ పేరుతోనే అడగాల.

నీళ్లు తీశాక ఇంకో పని ఉంటుంది. చచ్చిన పశువులు, కుళ్లిన సరుకు, పొంగిన మరుగుదొడ్లు. ఇవన్నీ ఎత్తేది మన రెల్లి, మాదిగ మున్సిపల్ కార్మికులు. వాళ్ల ఇళ్లలోంచి బురద ఎవరు తీశారు? రాత్రి దీపం పెట్టుకుని వాళ్ల పిల్లలే తీసుకున్నారు. పొద్దున్నే పేపర్లో 'నగరం తేరుకుంది' అని వేశారు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటాక కూడా, చేతులకి తొడుగుల్లేకుండా పనిలోకి దిగినవాళ్లని మేం చూశాం.

ఇంకొక్క మాట, చెప్పడానికి కష్టంగా ఉంది. మనకి శ్మశానం ఇచ్చేది కూడా ఏటి ఒడ్డునో డ్రైను గట్టునో. వరదలో మనిషి పోతే పాతిపెట్టడానికి ఆరడుగుల పొడి నేల దొరకదు. శవాన్ని బల్ల మీద పెట్టుకుని, అగరొత్తులు వెలిగించి, రెండు రోజులు కాచుకున్న ఇళ్లున్నాయి. అటు ఊరి శ్మశానం మెరకలో, ప్రహరీగోడతో ఉంటుంది. అక్కడికి తీసుకెళ్తామని అడిగితే ఏం జవాబొస్తుందో మీకూ తెలుసు.

అందుకని ఈ సభనుంచి వెళ్లేటప్పుడు ఒక పని పెట్టుకుందాం. వచ్చే ఆదివారం నుంచి ఇద్దరిద్దరం కలిసి పేటపేటకీ తిరుగుదాం. ఒక నోట్సు పుస్తకం చాలు. మన శ్మశానం సర్వే నంబరు ఎంత, ఏ వరదలో ఎన్ని రోజులు మునిగింది, దగ్గర్లో మెరక మీద ప్రభుత్వ భూమి ఎక్కడుంది అని రాసుకుందాం. ముసలమ్మల్ని కూచోబెట్టి 1986లో ఏం జరిగిందో, ఎవరు పోయారో, ఏ పాట పాడుకుని ఆ రాత్రి గడిపారో అడుగుదాం. వాళ్లు చెప్పింది చెప్పినట్టు, వాళ్ల మాటల్లోనే రాయండి. దిద్దడం మా టీచర్లకి అలవాటు గానీ ఈసారి దిద్దం. మొత్తం రాశాక, వానాకాలం ముందే, సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో కలెక్టరు బల్ల మీద పెడదాం.