అపాయకరమైన సరకుల లారీలు – డ్రైవర్ల లైసెన్సు గడువు
(పంచాయతీ సభ్యుల ఎదుట చేసిన ప్రసంగము)



ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతమున మన జీవనము ప్రత్తి మీదను, వేరుశనగ మీదను ఎంత ఆధారపడియున్నదో, లారీ మీదను అంత ఆధారపడియున్నది. ఎమ్మిగనూరునకు రైలు లేదు గనుక అచటి సరకంతయు రోడ్డు మీదనే రావలెను. ఆలూరు, ఆదోని, ఎమ్మిగనూరుల మీదుగా సాగు 167వ జాతీయ రహదారిపై పెట్రోలు ట్యాంకర్లును, వంటగ్యాసు లారీలును ఇండ్ల ముందు నుండియే పోవుచున్నవి. కావున వాటిని నడుపువారి లైసెన్సు వారి సొంత వ్యవహారము మాత్రమే కాదు; అది గ్రామక్షేమమునకు సంబంధించిన విషయము.

లారీ నడుపుటకు లైసెన్సు ఉన్నంత మాత్రమున పెట్రోలు, గ్యాసు, ఆమ్లములు మొదలగు అపాయకరమైన సరకులను తీసికొనిపోవుటకు అర్హత కలుగదు. అందులకు లైసెన్సుపై ప్రత్యేకముగ అనుమతి వ్రాయించుకొనవలెను. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమముల ప్రకారము అట్టి డ్రైవరు ఒక భారతీయ భాషను, ఇంగ్లీషును చదువను వ్రాయను నేర్చి, 3 దినముల శిక్షణ పొందియుండవలెను. సామాన్య లారీ డ్రైవరునకు 8వ తరగతి చదువు ఉండవలెనను నిబంధన 2019లో తొలగినది. ఈ నిబంధన మాత్రము నిలిచియున్నది. కారణము స్పష్టము. ప్రమాదము జరిగినపుడు చేయవలసిన పనులను తెలుపు కార్డు డ్రైవరు వద్దనే ఉండును. దానిని చదువలేనివానికి అది వట్టి కాగితమే.

ఇక గడువు సంగతి. 2019 సవరణ తరువాత లారీ లైసెన్సు 5 సంవత్సరములు చెల్లును. అపాయకరమైన సరకుల అనుమతి 3 సంవత్సరములే చెల్లును. కార్డు మీద ఈ రెండు తేదీలను వేరువేరుగ చూచుకొనవలెను. పెద్ద తేదీని చూచి నిశ్చింతగ ఉండువారే చిక్కులలో పడుదురు. పూర్వము గడువు ముగిసిన పిదప 30 దినముల వెసులుబాటు ఉండెడిది. ఇప్పుడు అదియును లేదు. చెల్లని లైసెన్సుతో బండి నడిపినచో 5,000 రూపాయల జరిమానా గాని, 3 నెలల వరకు జైలుశిక్ష గాని, రెండును గాని విధింపవచ్చును. నడుపనిచ్చిన యజమానికిని శిక్ష తప్పదు.

గడువునకు సంవత్సరము ముందు నుండియే అర్జీ పెట్టుకొనవచ్చును. గడువు దాటి సంవత్సరము మించినచో మరల డ్రైవింగు పరీక్షలో నెగ్గవలెను. అర్జీతో పాటు ఫారము 1-ఎలో వైద్యుని ధ్రువపత్రము కావలెను. పునశ్చరణ శిక్షణకు సంబంధించి ఏ పత్రములు తేవలెనో రవాణా కార్యాలయమున ముందే అడిగి తెలిసికొనుట మేలు. దళారులకు డబ్బిచ్చి, శిక్షణ పొందకయే పత్రము తెచ్చుకొనుట ఆత్మవంచన. మంట పత్రమును చూచి ఆగదు.

2017 జూన్ 25న పాకిస్తానులోని బహావల్‌పూరు ప్రాంతమున ఒక చమురు ట్యాంకరు బోల్తా పడెను. చుట్టుప్రక్కల పల్లెల జనము పాత్రలు పట్టుకొని, కారుచున్న చమురు కొరకు పరుగెత్తిరి. అంతలో నిప్పంటుకొనెను. 200 మందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. కొద్దిపాటి చమురునకు పల్లెలు చెల్లించిన మూల్యమది.

కావున సభ్యులను మేము కోరునవి మూడు. గ్రామములో ఇట్టి బండ్లు నడుపువారి పేర్లను, గడువు తేదీలను ఒక పుస్తకమున వ్రాసియుంచి, 3 నెలల ముందే వారికి గుర్తు చేయుడు. చదువు చాలని యువకులకు రాత్రిపూట తెలుగు, ఇంగ్లీషు అక్షరములు నేర్పు ఏర్పాటు చేయుడు. ట్యాంకరు పడిపోయినచో ఎవరును దగ్గరకు పోరాదనియు, బీడీ, అగ్గిపుల్ల వెలిగింపరాదనియు, వెంటనే 112కు గాని, అగ్నిమాపక దళమునకు 101కి గాని తెలుపవలెననియు గ్రామసభలో చాటింపుడు.

రోడ్డు మన ఊరి గుండా పోవుచున్నది. దాని మంచిచెడ్డలు చూచుకొను బాధ్యతయు మనదే.