పూలు వాడకుండ నిలుపుకొనుట



ఫాల్గుణమాసమున మా శ్రీకూర్మమునకు డోలోత్సవము చూడవచ్చు యాత్రికులు శ్వేతపుష్కరిణిలో స్నానముచేసి, పూలు కొని, కూర్మనాథుని దర్శింతురు. ఉదయము కొన్న పూలు మధ్యాహ్నమునకే వాడినచో, అవి నిన్నటి పూలని అమ్మినవారిని నిందించువారు కలరు. నేనును ఒకప్పుడట్లే నిందించితిని. తప్పు నాదేయని తరువాత తెలిసినది. ఆ సంగతినే నేడు మనవిచేసెదను.

మా పెద్దమ్మాయి వివాహమునకు ముందటిదినమున గులాబీలు, మల్లెమొగ్గలు, చేమంతులు బుట్టలతో తెప్పించితిని. భద్రముగా నుండునని, అరటిగెలలు పొగబెట్టి మాగవేసిన గదిలో వానిని ఉంచి తలుపు మూసితిని. తెల్లవారుసరికి గులాబీరేకులు రాలిపోయినవి, మల్లెలు కమిలినవి, చేమంతులు మాత్రము నిలిచినవి. పూలు తెచ్చిన ఆమెను పిలిపించి కఠినముగా మాటలాడితిని. ఆమె బదులుచెప్పక సగము సొమ్ము తిరిగి ఇచ్చిపోయినది.

కారణమేమనగా, పండుచున్న ఫలములనుండి ఎథిలీను అను వాయువు వెలువడును. ఆపిలుపండ్లనుండి ఇది వెలువడుచున్నదని 1934లో ఇంగ్లండుదేశమున గేను అను శాస్త్రజ్ఞుడు నిరూపించెను. కట్టెల పొగలోను ఇది కలదు. కాయను పండించు ఈ వాయువే పువ్వును త్వరగా ముదిమికి తెచ్చును. గులాబి దీనికి లొంగును. చేమంతి అంతగా లొంగదు. దీనికితోడు మూసిన గదిలోని ఉక్క మల్లెలను చెరచినది. కావున పూజగదిలో సైతము పూలబుట్టను అరటిపండ్లకు, మామిడిపండ్లకు దూరముగా ఉంచవలెను.

ఇక కాడతో కోసిన పూల విషయము. కోసిన పిమ్మటను పువ్వు కాడలోని సన్నని నాళములద్వారా నీరు పీల్చుచునే యుండును. కోసినచోట గాలి చొచ్చినను, నీటిలో సూక్ష్మక్రిములు పెరిగినను నాళములు మూసుకొనిపోవును. అప్పుడు పాత్రనిండ నీరున్నను పువ్వు దాహముతోనే వాడును. అందుచేత కాడను నీటిలో ముంచియుంచి, అడుగున ఒక అంగుళము మేర పదునైన కత్తితో ఏటవాలుగా కోయవలెను. నీటిలో మునుగు ఆకులను తీసివేయవలెను. పాత్రను శుభ్రముగా తోమి, దినదినము నీరు మార్చవలెను. నీటిలో చెంచాడు పంచదారయు, కొంచెము నిమ్మరసమును కలిపిన మేలు. కాని పంచదార క్రిములకును ఆహారమే. నీరు మార్చుటకు బద్ధకించువారు దానిని కలుపకుండుటయే మంచిది.

మల్లెలకు, మాలలకు ఈ ఉపాయము చెల్లదు. మల్లెను మొగ్గగా ఉన్నప్పుడే, ఎండ ముదురకముందు కోయవలెను. సాయంకాలమునకు తానే విచ్చును. మా నాయనమ్మ మొగ్గలను అరటాకులో వదులుగా చుట్టి, పైన తడిగుడ్డ కప్పి, తడియిసుకమీద నిలిపిన క్రొత్తకుండలో ఉంచెడిది. కుండనుండి తేమ ఆవిరియగుచు వేడిని హరించును గనుక లోపల చల్లగా నుండును. చల్లదనమున పువ్వు ఆయుర్దాయము పెరుగును. నేడు ఫ్రిజ్జు గలవారు మూతపెట్టెలో ఉంచవచ్చును; పండ్లు మాత్రము దాని ప్రక్కన ఉండరాదు. పూలకు తేమ తగులవలెనేగాని నీరు నిలువరాదు. నిలిచినచో రేకులు నల్లబడి కుళ్లును.

ఇవన్నియు తెలిసిన పిదప నేను ఆ పూలమ్మ యింటికి పోయి, ఆమె సగము సొమ్మును తిరిగి చేతికిచ్చి, జరిగినది చెప్పితిని. ఆమె కొంతసేపు ఊరకుండి, "నా పూలు మంచివేనని ఆనాడే నాకు తెలుసు బాబూ, ఎందుకు పాడైనాయో మాత్రం తెలీలేదు" అనెను.

తెల్లవారుజామున లేచి, మంచులో తడిసి మొగ్గలు కోయువారి కష్టము మన చేతికి వచ్చుచున్నది. పువ్వు వాడినప్పుడు అమ్మినవారిని అనుటకు ముందు, మనము దానిని ఎక్కడ ఉంచితిమో ఒకసారి చూచుకొందుము గాక. సెలవు.