మంట రాకముందే మన పని



మన యానాదులకు అడవి కొత్త కాదు. తూర్పున శ్రీహరికోట అడవిలో మన పెద్దలు దుంపలు తవ్వారు, తేనె తీశారు, మూలికలు ఏరారు. రాకెట్ కేంద్రం వచ్చాక ఆ దీవిలో చాలా కుటుంబాలు చోటు మారాల్సి వచ్చింది. ఇక పడమట వెలిగొండలు, శేషాచలం కొండలు ఉన్నాయి. వాటికి ఏటా వేసవిలో నిప్పు భయమే.

2014 మార్చిలో తిరుమల అడవి తగలబడితే వాయుసేన హెలికాప్టర్లతో నీళ్లు పోయాల్సి వచ్చింది. అంతదాకా వచ్చాక మన చేతిలో ఏముంటుంది? నేల మీద పాకే చిన్న మంట పెద్ద చెట్టును వదిలేసినా గింజనూ మొలకనూ వదలదు. రేపటి అడవి అక్కడే పోతుంది.

ఒక మాట దాచకుండా చెప్పుకుందాం. అడవి కాలితే తేనెకు వెళ్లినవాళ్ల మీదే ముందు వేలు చూపిస్తారు. అన్ని నిందలూ నిజం కావు. కానీ తేనెపట్టు దగ్గర వదిలేసిన కాగడా, ఆర్పకుండా పడేసిన బీడీ మనవాళ్లవి ఎప్పుడూ కావని మనమూ అనలేం. పని ముగిశాక నిప్పు మీద మట్టి కప్పి, చేత్తో తాకి చల్లారిందని చూసుకునే కదలాలి.

మిగతా పని సంక్రాంతి దాటగానే మొదలుపెట్టి శివరాత్రిలోపు ముగించాలి. ముందు పెద్దవాళ్లతో అడవి నడవండి. బోదగడ్డి ఎక్కడ దట్టంగా ఉంది, నీటి గుంట ఎక్కడుంది, గాలి ఎటు తిరుగుతుంది, వాళ్లకు తెలుసు. మీరు దాన్ని కాగితం మీద గీయండి. ఆ గీత చూసి, అటవీశాఖ వాళ్లతో కలిసి, ఆకూ గడ్డీ తీసేసి నేల కనిపించేలా ఫైర్ లైన్లు వేయాలి. ఆ పనికి కూలి ఇమ్మని అడగడానికి మొహమాటం వద్దు. అనుమతి లేకుండా మాత్రం గడ్డికి నిప్పు పెట్టకండి.

భారత అటవీ సర్వే సంస్థ ఉపగ్రహాలతో మంటలు గుర్తించి ఫోన్‌కు సందేశం పంపుతుంది. పేరు నమోదు చేసుకోండి. సందేశం వస్తే ఎవరు ఎవరికి చెప్పాలో ముందే పంచుకోండి.

2006 అటవీ హక్కుల చట్టం అడవిని కాపాడే అధికారం గ్రామసభకు ఇచ్చింది. మీలో చాలామంది మేనకూరు కంపెనీల్లో షిఫ్టులకు వెళ్తున్నారు. వెళ్లండి, వద్దనం. ఒక్క సెలవు రోజు తాతతో కొండెక్కండి. ఆయనకు తెలిసిన దారి కాగితం మీదికి రాకపోతే ఆయనతోనే పోతుంది.

జై ఆదివాసీ!